వాళ్ల మాట వాళ్లదే: మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్న పెద్దలకు తోడుగా వెళ్లేవారికి మార్గదర్శి

మేధో వైకల్యం (నేర్చుకోవడంలో, అర్థం చేసుకోవడంలో చిన్నప్పటి నుంచి ఉన్న ఇబ్బంది) ఉన్న పెద్దవాళ్లు, ఏళ్ల తరబడి మానసిక అనారోగ్యంతో బతుకుతున్నవాళ్లు, రెండూ కలిసి ఉన్నవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల వాళ్లకు తోడుగా ఆసుపత్రికో, బ్యాంకుకో, కలెక్టరేట్‌కో వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను. మీరు అక్క కావచ్చు, మేనమామ కావచ్చు, వాడకట్టులో నలుగురికీ ఫారాలు నింపిపెట్టే టీచరు కావచ్చు. వకీలే కావాల్సిన పని లేదు. ఓపిక, ఒక నోట్‌బుక్, కొంత చట్టం తెలిస్తే చాలు.

పని ఏమిటో ముందే తేల్చుకుందాం. ఆ మనిషికి ఏది మంచిదో మీరు నిర్ణయించడం మీ పని కాదు. ఆయన ఏం కోరుతున్నాడో తెలుసుకుని, ఆ కోరిక ఎదుటివాళ్ల చెవిన పడేలా, వాళ్లు జవాబు చెప్పేలా చూడాలి. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్‌లో ఇదే ఉంది. వైకల్యం ఉన్నవారికి ఆస్తి, డబ్బు, బ్యాంకు వ్యవహారాల్లో అందరితో సమానంగా హక్కు ఉంటుంది. తోడుగా ఉన్నవాళ్లు ఒత్తిడి పెట్టకూడదు, ఆయన గౌరవాన్నీ గోప్యతనూ కాపాడాలి. మీ తోడు నచ్చకపోతే మిమ్మల్ని మార్చుకునే హక్కు కూడా ఆయనకు ఉంది. ఈ చివరి సంగతి మొదటి రోజే ఆయనకు చెప్పండి.

ముందు మనిషితో మాట్లాడండి, కాగితాలు తర్వాత

చాలామంది నేరుగా ఫైలు అడుగుతారు. ఫైలు ఎక్కడికీ పోదు. మొదట ఆయనతో విడిగా కూర్చోండి. ఇంట్లో అందరి ముందు కూర్చుంటే అమ్మ జవాబు చెబుతుంది, వదిన సరిదిద్దుతుంది, ఆయన తల ఊపుతాడు. గడప బయట అరుగు మీదైనా, టీ కొట్టు దగ్గరైనా సరే. మందులు వేసుకున్నాక మగతగా ఉండే వేళ ఏదో కనుక్కుని, ఆ వేళ తప్పించండి.

మాట్లాడే తీరు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా పనంతా దీని మీదే నిలబడుతుంది. ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పండి. అడిగాక ఆగండి. మనకు పది సెకన్ల మౌనం కష్టంగా ఉంటుంది కానీ ఆయనకు ఆ సమయం కావాలి. ‘అవును, కాదు’ అని జవాబు వచ్చే ప్రశ్నలను నమ్మకండి. చిన్నప్పటి నుంచి ‘సరే’ అంటేనే తిట్లు తప్పుతాయని నేర్చుకున్నవాళ్లు దేనికైనా సరే అంటారు. అందుకే అదే విషయాన్ని తిప్పి అడగాలి. ఉదాహరణకు:

‘పించన్ పైసలు ఎవరి తాన ఉంటయి?’
‘అన్న తాన.’
‘మొన్న నీకేం కొనుక్కున్నవ్?’
‘ఏం లే.’
‘ఏమన్న కొనుక్కోవాలని ఉందా?’
‘చెప్పులు.’

‘అన్న నీ పైసలు మంచిగనే చూసుకుంటుండా?’ అని అడిగి ఉంటే ‘ఆ’ అనే జవాబుతో మాట ముగిసిపోయేది. చెప్పులు కావాలన్న సంగతి బయటికి వచ్చేది కాదు.

ఫోన్‌లో ఫొటోలు చూపించి ఎంచుకోమనవచ్చు: ఆసుపత్రి గేటు, బ్యాంకు, పాత ఇల్లు, అక్క వాళ్ల ఊరు. భాష సంగతి మరవకండి. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ములుగు వైపు కోయ, ఆదిలాబాద్ వైపు గోండి, వరంగల్ పాతబస్తీలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లను డాక్టరు తెలుగులో పరీక్షిస్తే, భాష రాకపోవడాన్ని కూడా బుద్ధి తక్కువతనంగా రాసేసే ప్రమాదం ఉంది. ఆ భాష తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఆయన చెప్పింది నోట్‌బుక్‌లో ఆయన మాటల్లోనే రాయండి. ‘రోగి కుటుంబం నుండి వేరుగా నివసించగోరుతున్నాడు’ అని రాయొద్దు. ‘నాకు అన్న ఇంట్ల వద్దు, అక్క తానకు పోత’ అని రాయండి. రేపు ఆఫీసర్ ముందు చదవాల్సింది ఈ వాక్యమే. రాసింది ఆయనకు చదివి వినిపించి, తేదీ వేయండి.

ఇంటివాళ్లతో

ఎక్కువ ఇళ్లలో మోసం ఉండదు, అలసట ఉంటుంది. నలభై ఏళ్ల కొడుక్కి స్నానం చేయించే డెబ్బై ఏళ్ల తల్లిని హక్కుల పేరుతో నిలదీసేవాళ్లంటే నాకు కోపం. ఆమె దగ్గర ఉన్న సమాచారం ఇంకెవరి దగ్గరా లేదు. ఆమె భయం కూడా నిజమైనదే: ‘నేను పోయినంక వీడు ఏమైతడు?’ ఆ ప్రశ్నకు ఏదో ఒక ఏర్పాటు చూపించకుండా ఆమె మీ మాట వినదు, వినాల్సిన అవసరమూ లేదు.

కానీ భూమి పంచుకునే రోజు లెక్క వేరు. ఏదైనా ఆస్తి లావాదేవీలో తోడుగా ఉన్న మనిషికీ, వైకల్యం ఉన్న మనిషికీ ప్రయోజనాలు ఎదురుపడితే, తోడు మనిషి ఆ లావాదేవీ నుంచి తప్పుకోవాలని 13వ సెక్షనే చెబుతోంది. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన ప్రయోజనాలు ఎదురుపడ్డాయని అనుకోరాదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పండి. ‘అన్నా, నిన్ను అనుమానిస్తలేం. నీ పేరు మీదికి పట్టా వచ్చే కాగితం మీద తమ్ముని వేలిముద్ర వేయించే పనిల నువ్వే తోడుండొద్దని చట్టంల ఉంది’ అంటే వినే అవకాశం ఎక్కువ.

ఇంకొకటి. గాలి సోకిందనో, ఎవరో చేశారనో మంత్రగాడి దగ్గరికో దర్గాకో తీసుకెళ్లే ఇళ్లు ఉంటాయి. నమ్మకం మీద గొడవ పెట్టుకోకండి. మొక్కు మొక్కుకోనివ్వండి, మందు మాత్రం ఆపనివ్వకండి. గొలుసు కనబడితే అక్కడ మొహమాటం వద్దు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు అంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందుకు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

మీది ఏ జిల్లా?

వరంగల్ నగరంలో ఇది వెటకారం ప్రశ్న కాదు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి. హనుమకొండ, కాజీపేట ఒక జిల్లా. ఖిలా వరంగల్ ఇంకో జిల్లా. పాత ఆధార్‌లో పాత జిల్లా పేరు ఉండి, కొత్త చిరునామా ఇంకో కలెక్టరేట్ కిందికి వస్తే, ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు తిప్పుతారు. బయల్దేరే ముందే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మూడింట్లోనూ పేరు, ఊరు, జిల్లా సరిపోతున్నాయో చూసుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందు అదే సరిచేయించండి.

సర్టిఫికెట్, పించన్

సదరం సర్టిఫికెట్ అని జనం అనే వైకల్య ధ్రువీకరణ ఇప్పుడు యూడీఐడీ కార్డుతో, అంటే దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డుతో, ముడిపడింది. మేధో వైకల్యాన్ని, మానసిక అనారోగ్యాన్ని వేర్వేరు పద్ధతుల్లో కొలుస్తారు. మేధో వైకల్యానికి ఐక్యూ పరీక్ష ఒక్కటే చూడరు. తనంతట తాను తినడం, బట్టలు వేసుకోవడం, బయటికి వెళ్లి రావడం, నలుగురితో కలవడం వంటివి లెక్కగట్టే సామాజిక పరిణతి పరీక్ష కూడా ఉంటుంది. మానసిక అనారోగ్యానికి ఐడియాస్ అనే కొలమానం వాడతారు. తన పనులు తాను చూసుకోవడం, మనుషులతో సంబంధాలు, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని అనే నాలుగు అంశాలకు మార్కులు వేసి, జబ్బు ఎన్నాళ్లుగా ఉందో కలుపుతారు. అందుకే పాత ఓపీ చీటీలు పారేయొద్దు. జబ్బు రెండేళ్లుగా ఉందని చూపించేవి అవే.

పరీక్ష రోజు జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇంటివాళ్లు ఇస్త్రీ చొక్కా వేసి, తల దువ్వి తీసుకొస్తారు. డాక్టరు అడిగితే ఆయన ‘అన్నీ నేనే చేసుకుంట’ అంటాడు. పరువు అందరికీ ఉంటుంది కదా. అబద్ధం చెప్పమని నేను అనడం లేదు. మామూలు వారంలో ఏ పనికి ఎవరి సాయం కావాల్సి వచ్చిందో ఒక పేజీ రాసుకెళ్లండి: బస్సు నంబరు చదవగలడా, చిల్లర లెక్కపెట్టగలడా, మందు తానే గుర్తుపెట్టుకుంటాడా, రాత్రి నిద్ర ఎలా ఉంది. ఆ పేజీ ఆయనకు ముందే చదివి వినిపించి, ‘ఇది డాక్టరుకు చూపిద్దామా?’ అని అడగండి. ఆయన లేని చోట ఆయన లోపాలు చెప్పడం కంటే ఇది మర్యాద.

రెండూ ఉన్నవాళ్లకు రెండూ పరీక్షించమని అడగండి. చాలా సందర్భాల్లో ఒకటే చూసి పంపేస్తారు. రెండు శాతాలను ఊరికే కూడరు. పెద్ద అంకెను 90 లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. ఒకటి 30, ఇంకొకటి 25 వచ్చిందనుకోండి, విడిగా ఏదీ 40 దాటదు. కలిపితే 46 దాటుతుంది. ఆ 40 శాతమే పించన్‌కూ, చాలా రాయితీలకూ గడప. తెలంగాణలో దివ్యాంగుల పించన్‌ను 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు. సర్టిఫికెట్‌తో ఏకీభవించకపోతే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది. ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా వేయండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్టు అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది. ఒంటరిగా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం ఉన్నవారికి, వెంట వెళ్లే ఒకరికీ రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఇస్తారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థకు వెళ్లేవాళ్లకు ఇది పనికొస్తుంది. తల్లో తండ్రో సర్కారు కొలువులోనో, రైల్వేలోనో ఉంటే కుటుంబ పించన్‌లో ఈ బిడ్డ పేరు వాళ్లు బతికుండగానే నమోదు చేయించండి. తర్వాత తిరగడం చాలా కష్టం.

ఆసుపత్రిలో

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పొద్దున ఓపీ రద్దీ తెలిసిందే. ఆ గోలకు కొందరు బెదిరి వెనక్కి వెళ్లిపోతారు. దివ్యాంగుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం వైద్యంలో వారికి ముందు వరస ఇవ్వాలి. కార్డు చూపించి, నెమ్మదిగా అడగండి: ‘మేడం, ఈయన గోలలో కూర్చోలేరు, ముందు పిలుస్తారా?’ సగం సార్లు చట్టం పేరెత్తే అవసరమే రాదు.

లోపలికి వెళ్లాక డాక్టరు మీ వైపు చూసి అడిగితే, మీరు ఆయన వైపు తిరగండి. ‘డాక్టరు గారు నిద్ర పడుతుందా అని అడుగుతున్నారు’ అనండి. రెండుసార్లు ఇలా చేస్తే మూడోసారి డాక్టరే ఆయన్ను అడుగుతారు. మందు పేరు, ఎందుకు ఇస్తున్నారు, ఒంట్లో ఏం తేడా వస్తుంది, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి అనే ప్రశ్నలు రాసుకెళ్లండి.

మేధో వైకల్యం ఉన్న మనిషి ఉన్నట్టుండి కొట్టడం, తిండి మానేయడం మొదలుపెడితే ‘వీళ్లంతే’ అని మత్తు మందు రాసే అలవాటు ఉంది. పన్ను నొప్పి, మలబద్ధకం, చెవిలో చీము, థైరాయిడ్ ఇవన్నీ అలాగే బయటపడవచ్చు. ముందు ఒళ్లు పరీక్షించమని గట్టిగా అడగండి. ఇక్కడ మొహమాటపడితే ఆ మనిషే బాధ పడతాడు.

2018 మే నెలాఖరు నుంచి అమల్లో ఉన్న, పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో తోడు మనిషికి బాగా పనికొచ్చేది నామినేటెడ్ రిప్రజెంటేటివ్ ఏర్పాటు. పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా, తన చికిత్స విషయంలో తనకు సాయపడే మనిషిని తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి ఎంచుకోవచ్చు. ఆ మనిషి ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇది లేకపోతే సాధారణంగా బంధువుకే ఆ స్థానం వెళ్తుంది, అది ఆయన కోరుకున్న బంధువు కాకపోవచ్చు. జబ్బు కుదురుగా ఉన్న రోజుల్లోనే ఈ కాగితం రాయించండి. ‘నాకు మళ్లీ బాగలేనప్పుడు ఈ వైద్యం చేయండి, ఇది వద్దు’ అని ముందుగా రాసిపెట్టే అడ్వాన్స్ డైరెక్టివ్ కూడా ఉంది. అయితే అత్యవసర చికిత్సకు అది వర్తించదు.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: ‘ఆయన ఇష్టంతో చేరినట్టు రాశారా, రిప్రజెంటేటివ్ దరఖాస్తుతో చేర్చుకున్నట్టు రాశారా?’ ఇష్టంతో చేరిన మనిషి ఇంటికి పోతానంటే పంపాలి. ప్రమాదం ఉందనిపిస్తే పరీక్షించడానికి గరిష్ఠంగా 24 గంటలు ఆపవచ్చు. రెండో పద్ధతిలో మొదటి విడత 30 రోజులకు మించదు. ఆ చేర్పు గురించి, రోగుల హక్కులు చూసే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు 7 రోజుల్లో, ఆడవాళ్ల విషయంలో 3 రోజుల్లో తెలియజేయాలి. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడం నిషిద్ధం. మేధో వైకల్యం ఒక్కటే ఉంటే అది ఈ చట్టం కింద మానసిక అనారోగ్యం కాదు. ఆ ఒక్క కారణం చూపించి మానసిక ఆసుపత్రిలో పెట్టడానికి వీల్లేదు.

రాత్రిపూట పరిస్థితి అదుపు తప్పితే మానసిక ఆరోగ్యానికి సర్కారు నడిపే ఫోన్ లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ఉంటే 112 లేదా 108. పోలీసులు వస్తే, మానసిక అనారోగ్యం ఉన్న మనిషిని లాకప్‌లో పెట్టకూడదని, 24 గంటల్లోపు సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాలని చట్టంలో ఉన్న మాట మర్యాదగా గుర్తు చేయండి.

‘గార్డియన్ కాగితం తెండి’ అన్నప్పుడు

గార్డియన్ అంటే చట్టప్రకారం నియమించిన సంరక్షకుడు. బ్యాంకు వాళ్లు దీన్ని మొదటి మాటగా అంటారు. వెంటనే ఒప్పుకోకండి. పాస్‌బుక్, విత్‌డ్రా ఫారం అర్థం చేసుకుని వేలిముద్ర వేయగల మనిషికి గార్డియన్ ఎందుకు? ఏ పనికి కావాలో, ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసివ్వమనండి. చాలాసార్లు ఆ కాగితం రాదు, పని అవుతుంది.

నిజంగానే అవసరమైతే రెండు దారులున్నాయి. నేషనల్ ట్రస్టు చట్టం కిందికి వచ్చే నాలుగు వైకల్యాలకు, పద్దెనిమిదేళ్లు నిండాక, కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను బ్యాంకులు ఒప్పుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. నియమితుడైన గార్డియన్ 6 నెలల్లోపు ఆస్తుల జాబితా, ఆ తర్వాత ఏటా లెక్కలు ఇవ్వాలి. ఇవ్వకపోయినా, పట్టించుకోకపోయినా తొలగించమని అడగవచ్చు. ఈ సంగతి ఇంటివాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే గార్డియన్ అంటే యజమాని అనుకుంటారు. మానసిక అనారోగ్యం ఒక్కటే ఉన్నవారికి ఈ కమిటీ పనికిరాదు. వారికి 2016 చట్టంలోని పరిమిత గార్డియన్ ఏర్పాటు ఉంది: ఒక ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, గార్డియన్, ఆయన ఇద్దరూ కలిసి, ఆయన ఇష్టానికి అనుగుణంగా.

పని జరగనప్పుడు

నోటి మాటతో రెండుసార్లు తిరిగితే చాలు. మూడోసారి కాగితంతో వెళ్లండి. కాగితం చిన్నదిగా ఉండాలి:

‘నా పేరు ఫలానా. నాకు 50 శాతం మేధో వైకల్యం ఉంది. నా పించన్ మూడు నెలలుగా పడలేదు. ఎందుకు ఆగిందో, ఎప్పుడు వస్తుందో నాకు రాసి చెప్పండి. నాకు తోడుగా ఫలానా వస్తారు. వారితో మాట్లాడినా, నేనూ అక్కడ ఉంటాను.’

కింద ఆయన సంతకం లేదా వేలిముద్ర, మీ పేరు తోడుగా. జిరాక్స్ మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవొద్దు. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఆయన్నే తీసుకెళ్లండి. ఆ వాక్యాలు ఆయనే చెప్పేలా ముందురోజు ఇంట్లో ఒకసారి అనిపించండి. ఒక్క వాక్యం చెప్పగలిగినా మిగతాది మీరు అందుకోవచ్చు. ఫైలు ఎక్కడ ఆగిందో సమాచార హక్కు దరఖాస్తుతో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రతి సర్కారు సంస్థలో దివ్యాంగుల ఫిర్యాదుల అధికారి ఉండాలి, రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్ ఉంటారు. ఉచిత వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, హనుమకొండలో అయితే అదాలత్ (కోర్టు) దగ్గర. దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సాయం ఇస్తారు. ఫోన్ 15100.

కొడుతున్నారనో, కట్టేశారనో, డబ్బు లాక్కుంటున్నారనో తెలిస్తే దారి వేరు. 2016 దివ్యాంగుల చట్టం 7వ సెక్షన్ కింద ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు, అంటే తహసీల్దార్‌కో ఆర్డీవోకో, సమాచారం ఇవ్వవచ్చు.  లైంగిక దాడి అయితే బాధితురాలిని స్టేషన్‌కు రమ్మనే పని లేదు. ఆమె ఇంట్లోగానీ, ఆమె కోరిన చోటగానీ, స్పెషల్ ఎడ్యుకేటర్ లేదా దుబాసీ సమక్షంలో, వీడియో తీస్తూ ఫిర్యాదు రాసుకోవాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో) ఉంది. మహిళలకు 181 కూడా ఉంది.

మీ హద్దులు

ఆయన ఏటీఎం కార్డు మీ జేబులో ఉండకూడదు. ఆయన తరఫున సంతకం పెట్టకండి. ఆయన జబ్బు సంగతి, ఫొటో, సర్టిఫికెట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, సాయం కోసమే అయినా సరే. ఆయన కోరేది మీకు తప్పనిపిస్తే మీ అభిప్రాయం ఒకసారి స్పష్టంగా చెప్పండి, ఆ తర్వాత ఆయన కోరిందే ఆఫీసులో చెప్పండి. ప్రాణానికి ప్రమాదం ఉంటే మాత్రం ఎవరికి చెబుతున్నారో ఆయనకు చెప్పి మరీ చెప్పండి.

మీరు ఊరు మారినా, అలసిపోయినా చెప్పకుండా మాయం కావద్దు. వీళ్ల జీవితాల్లోంచి అలా వెళ్లిపోయినవాళ్లు ఇప్పటికే చాలామంది ఉంటారు. ఒక నెల ముందే చెప్పి, తర్వాత ఎవరు తోడు రావాలో ఆయన్నే అడిగి, ఆ కొత్త మనిషితో కలిసి ఒక్కసారైనా ఆఫీసుకు వెళ్లి రండి. నోట్‌బుక్, అసలు కాగితాలు ఆయన ఇంట్లోనే ఉంచండి. కొత్త మనిషికి ఏది చూపించాలో ఆయనే తేల్చుకుంటాడు.